ఉద్దాలకుడి ఉప్పు పాఠం పిల్లలకు ఎలా చెప్పాలి

ముందు రాత్రే ఒక గ్లాసు నీళ్ళు, ఒక చెంచాడు రాళ్ళ ఉప్పు సిద్ధం చేసుకోండి. పుస్తకం తర్వాత తెరవచ్చు. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలక ఆరుణి అనే ఋషి కొడుకు శ్వేతకేతుకి ఇలాగే చెప్పాడు. ముందు చేయించాడు, తర్వాతే మాట్లాడాడు.

పడుకునేముందు కథ మొదలుపెట్టండి. శ్వేతకేతు 12వ ఏట గురుకులానికి వెళ్ళి, 24వ ఏట వేదాలన్నీ చదివి, అంతా తెలుసన్న గర్వంతో తిరిగొచ్చాడు. తండ్రి కోప్పడలేదు. ఏ ఒక్కటి తెలిస్తే తెలియనివన్నీ తెలుస్తాయో, దాని గురించి మీ గురువుగారిని అడిగావా అన్నాడు. మట్టిముద్ద ఒకటి తెలిస్తే కుండలన్నీ తెలిసినట్టే కదా అని పోలిక చెప్పాడు. అక్కడితో ఆపి, పిల్లల చేతే ఉప్పు నీళ్ళలో వేయించండి.

ఇక్కడ నేను రెండు తప్పులు చేశాను. మా అబ్బాయి చిన్నప్పుడు, ఆ రాత్రే అర్థమంతా వివరించేశాను. తెల్లారి వాడు గ్లాసు వైపే చూడలేదు. ఏళ్ళ తర్వాత మనవరాలికి చెప్పినప్పుడు నోరు అదుపులో పెట్టుకున్నాను గానీ నీళ్ళు కలపలేదు. ఉప్పంతా అడుగునే ఉండిపోయి, "పైన చప్పగా ఉంది తాతయ్యా" అంది. అందుకే పిల్లలు నిద్రపోయాక ఒకసారి బాగా కలిపి ఉంచండి.

పొద్దున్నే ఉద్దాలకుడు అడిగినట్టే అడగండి: "రాత్రి వేసిన ఉప్పు తీసుకురా." వెతకనివ్వండి, తొందరపెట్టకండి. రెండోసారి మా మనవరాలు వేలు పెట్టి అడుగంతా తడిమి, "నువ్వు తీసేశావా?" అని నన్నే అనుమానించింది. ఆ నిమిషం కోసమే ఇదంతా. తర్వాత పైనుంచి ఒక చుక్క, సగం వంపేసి మధ్యలోంచి ఒక చుక్క, చివరికి అడుగునుంచి ఒక చుక్క నాలుకకు తగిలించండి. మింగనక్కర్లేదు. మూడుచోట్లా ఉప్పే. కంటికి కనిపించకపోయినా సత్తు, అంటే అన్నిటికీ మూలమైన ఉనికి, ఇక్కడే ఉంది, అదే నువ్వు అన్నాడు తండ్రి: "తత్త్వమసి శ్వేతకేతో." ఈ మాట ఆ అధ్యాయంలో 9 సార్లు వస్తుంది. కొడుకుని "సోమ్య" అని పిలుస్తూ చెబుతాడు. నాయనా అన్నంత ప్రేమ ఉందందులో, చదివేటప్పుడు ఆ పిలుపుని మింగేయకండి.

మర్రిపండు దొరికితే ఇంకో రోజు దాన్ని చీల్చి చూపించండి. లోపల చిన్న పురుగులుంటాయి కాబట్టి కాగితం మీద పెట్టి చీల్చాలి. ఒక గింజని గోటితో నలిపించి, లోపల ఏముందో అడగండి. ఏమీ లేదంటారు. శ్వేతకేతూ అదే అన్నాడు. ఆ కనిపించనిదాంట్లోంచే ఇంత మర్రిచెట్టూ నిలబడిందన్నాడు తండ్రి.

15 రోజుల ఉపవాసం సంగతి మాత్రం కథగానే చెప్పండి, పిల్లలతో చేయించకండి. నీళ్ళు మాత్రమే తాగి ఉన్న శ్వేతకేతుకి ఒక్క ఋక్కూ (వేదమంత్రమూ) గుర్తురాలేదు. అన్నం తిన్నాక అన్నీ గుర్తొచ్చాయి. మిణుగురంత మిగిలిన నిప్పుకి గడ్డి వేస్తే మళ్ళీ మండినట్టు అని తండ్రి వివరించాడు.

ఇవన్నీ అయ్యాక ఐదో అధ్యాయం మూడో ఖండానికి వెళ్ళండి. పాంచాలరాజు ప్రవాహణ జైవలి అడిగిన 5 ప్రశ్నలకు శ్వేతకేతు జవాబు చెప్పలేక, నాకు సరిగ్గా నేర్పలేదని తండ్రి దగ్గర బాధపడతాడు. ఇందులో ఒక్కటీ నాకు తెలియదు, తెలిస్తే నీకు చెప్పనా అంటాడు ఉద్దాలకుడు. అని, అవి నేర్చుకోవడానికి తానే ఆ రాజు దగ్గరికి బయల్దేరతాడు.