ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు మనుషులు వచ్చి నిలిచేలా చేయడం ఎలా?

ఓపెన్ సోర్స్ అంటే కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చి వాడుకోగల సాఫ్ట్‌వేర్. తరచూ జీతం రాని ఈ పనికి మనుషులు ఎందుకు వస్తారో ప్రాజెక్టు నడిపేవారు ముందుగా గ్రహించాలి. చాలామందిని రప్పించేది సొంత అవసరమే. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) తన పీసీ కోసమే మొదలుపెట్టారు. కోడ్‌లో మార్పులను నమోదుచేసే బిట్‌కీపర్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా వాడుకునే వీలు 2005లో పోయాక, కెర్నల్ పని ఆగిపోకుండా అదే పనిచేసే గిట్ రాశారు. అందువల్ల మీ సాఫ్ట్‌వేర్ ఎవరి ఏ ఇబ్బందిని తీరుస్తుందో ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైలు మొదట్లోనే రాయండి.

అయితే అవసరం తీరినవారు వెళ్లిపోవచ్చు. లఖానీ, వుల్ఫ్ అనే పరిశోధకులు 684 మంది డెవలపర్లను ప్రశ్నించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, సృజనాత్మకంగా పనిచేస్తున్నామన్న ఆనందమే అన్నిటికన్నా బలమైన ప్రేరణగా తేలింది. ఆసక్తికరమైన పనంతా మీ దగ్గరే ఉంచుకుని కొత్తవారికి అక్షరదోషాలు మాత్రమే అప్పగిస్తే ఆ ఆనందం వారికి దక్కదు.

అన్నిటికన్నా ముఖ్యం, కొత్తవారు పంపే మొదటి ప్యాచ్‌కు, అంటే కోడ్ సవరణకు, మీరిచ్చే జవాబు. మీ పీడీఎఫ్ రీడర్‌లో ‘లక్ష్మి’ అన్న మాటలో మ ఒత్తు పక్కకు జరిగిపోతోందని గమనించిన ఒక విద్యార్థిని, దాన్ని సరిచేస్తూ నాలుగు వరుసల కోడ్ పంపిందనుకుందాం. నెలరోజులు ఉలుకూ పలుకూ లేకుండా ఊరుకుంటే ఆమె మళ్లీ రాకపోవచ్చు. వెంటనే పరీక్షించే తీరిక లేకపోయినా, ‘అందింది, ఆదివారం చూస్తాను’ అని రాయండి. మార్పులు కావాలంటే ఏ వరుసలో, ఎందుకో చెప్పి, దిద్దే అవకాశం ఆమెకే ఇవ్వండి. గిట్‌లో కోడ్ రాసినవారి పేరు, దాన్ని కమిట్ చేసినవారి (ప్రాజెక్టులో చేర్చినవారి) పేరు విడివిడిగా నమోదవుతాయి. రాసినవారి చోట ఆమె పేరే ఉండాలి. ఉద్యోగం వెతుక్కునేటప్పుడు అది ఆమెకు అక్కరకొస్తుంది, పైగా అది న్యాయం.

బహుమతులు ఆశచూపేముందు ఆలోచించండి. ఓపెన్ సోర్స్‌కు కోడ్ పంపినవారికి టీషర్టులిచ్చిన హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో, 2020లో టీషర్టు కోసం వచ్చిపడిన పనికిరాని పుల్ రిక్వెస్టులతో (మార్పులను చేర్చుకోమనే అభ్యర్థనలతో) ఎన్నో ప్రాజెక్టుల వారు విసిగిపోయారు. చివరికి, ముందుగా సమ్మతి తెలిపిన ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకునేలా నిర్వాహకులు నిబంధన మార్చారు.

డబ్బు తప్పేమీ కాదు, దాని చోటు వేరు. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని గుప్తంగా పంపేందుకు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నా కొద్దిమంది చేతులమీదుగానే నడిచేది. 2014లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడ్డాకే పెద్ద కంపెనీలు దానికి గట్టిగా నిధులిచ్చాయి. భద్రతా పరీక్షలు, పాత వెర్షన్ల మరమ్మతు వంటి విసుగు పనులను స్వచ్ఛంద సేవకుల మీద మోపకండి. మీ సాఫ్ట్‌వేర్‌ను వాడుకునే కంపెనీలను అడిగి, ఆ పనులు చేసేవారికి వేతనం ఏర్పాటు చేయండి.