టోకెన్ అంచు అక్షరాలు చదవడానికి పెన్సిల్ చాలు

1790ల నాటి బ్రిటిష్ రాగి టోకెన్లలో (చిల్లరగా వాడేందుకు వ్యాపారులు వేయించిన నాణేల్లాంటి బిళ్లలు) ముఖాలు రెండూ ఒకేలా ఉన్నా అంచు మీది మాటలు మారితే అది వేరే రకం. భూతద్దం కింద తిప్పుతూ చదవబోతే ఎక్కడ మొదలుపెట్టామో మర్చిపోతాం.

1 సెం.మీ. వెడల్పు, 11 సెం.మీ. పొడవున్న బటర్ పేపర్ ముక్కను అర పెన్నీ టోకెన్ అంచు చుట్టూ బిగించి, కొసలను ఒకదానికొకటి టేపుతో అతికించండి. టేపు రాగికి తగలకూడదు. 4బి పెన్సిల్ పడుకోబెట్టి మెల్లగా రుద్దితే నొక్కుడు అక్షరాలు తెల్లగా తేలతాయి. డ్రూయిడ్ (ప్రాచీన కెల్టిక్ పూజారి) తల ఉన్న ఆంగ్లెసీ (వేల్స్‌లోని దీవి) టోకెన్లయితే ‘లండన్’, ‘లివర్‌పూల్’ లాంటి ఊరి పేర్లు ముందు వెతకండి, మిగతాది దొరికిపోతుంది. తలకిందులుగా కనిపిస్తే కాగితం తిప్పండి, అంతే.

అక్షరాల గుంటల్లో మట్టి గట్టిపడి ఉంటే మాత్రం ఏమీ పడదు. దాన్ని చూసి నున్నటి అంచు అనుకోవద్దు, సూదితో గీకొద్దు.