పాత స్పీకర్ల మధ్యకు సెంటర్ స్పీకర్ ఎంచుకునేటప్పుడు

పాత స్టీరియో స్పీకర్లతో హోమ్ థియేటర్ కట్టుకునేవాళ్లు, మధ్యలో ఉండి డైలాగులు వినిపించే సెంటర్ స్పీకర్ దగ్గరే ఎక్కువగా తికమకపడతారు. కంపెనీ పేరు ఒకటే అయితే చాలనుకోకండి. 1980ల నాటి మోడల్‌కీ ఇప్పటి మోడల్‌కీ పేరు తప్ప పోలికే ఉండకపోవచ్చు. ముందు చూడాల్సింది ట్వీటర్, అంటే సన్నని శబ్దాలు పలికే చిన్న యూనిట్. మీవి సాఫ్ట్ డోమ్ (గుడ్డలాంటి మెత్తని గుమ్మటం) అయితే సెంటర్ కూడా అదే, హార్న్ (బూరలా విచ్చుకున్నది) అయితే హార్నే తీసుకోండి. లేకపోతే సినిమాలో కారు ఎడమ నుంచి కుడికి వెళ్తుంటే మధ్యలో ఇంజిన్ మారిపోయినట్టుంటుంది.

వీలైతే మీ మోడల్‌వే మరో జత సెకండ్‌హ్యాండ్‌లో కొని, ఒకటి నిలువుగా టీవీ కింద పెట్టండి. నా లెక్కలో దీన్ని మించింది లేదు. అడ్డంగా పడుకోబెట్టే సెంటర్లలో చాలావాటికి ట్వీటర్‌కి అటూ ఇటూ రెండు వూఫర్లు (బరువైన శబ్దాలు పలికే పెద్ద యూనిట్లు) ఉంటాయి. పక్కన కూర్చున్నవాళ్లకు వాటి శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేసి మాటలు పలచబడతాయి. పాతవి కొనేటప్పుడు వూఫర్ చుట్టూ ఉన్న ఫోమ్‌ని వేలితో మెల్లగా నొక్కి చూడండి, పొడిలా రాలితే మార్పించాల్సిందే.

సెన్సిటివిటీ (ఒకే పవర్‌కి స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) రెండు మూడు డెసిబెల్స్ తేడా ఉన్నా, స్పీకర్లను నడిపే రిసీవర్‌లో లెవెల్ సరిచేసుకోవచ్చు. ఇంపీడెన్స్ (ఓమ్‌లలో రాసే విద్యుత్ నిరోధం) మాత్రం రిసీవర్ వెనక రాసినదానికంటే తగ్గకూడదు. పాత సీఆర్‌టీ (గాజు ట్యూబ్) టీవీయే వాడుతుంటే మాగ్నెటిక్ షీల్డింగ్ (స్పీకర్ అయస్కాంత ప్రభావం బయటికి రాకుండా అడ్డు) ఉన్నదే తీసుకోండి, లేదంటే తెర మీద రంగులు చెదురుతాయి.

సరైనది దొరకలేదా? రిసీవర్ సెట్టింగ్స్‌లో సెంటర్‌ని ‘నన్’ (None) లేదా ‘ఫాంటమ్’ అని పెట్టేయండి. అప్పుడు సెంటర్ శబ్దం ఎడమ, కుడి స్పీకర్లకే వెళ్తుంది. మధ్యలో కూర్చునేవాళ్లకు డైలాగులు నటుల నోటి నుంచే వస్తున్నట్టుంటాయి.