2003 బోర్డో వైన్ బాటిల్ తెరిచాక తేడా కొడుతోందా?

2003 ఆగస్టులో యూరప్ అంతా ఎండకి మాడిపోయింది కదా, ఆ ఏడు ఫ్రాన్స్‌లో వైన్‌కి పేరుపడ్డ బోర్డో ప్రాంతంలో ద్రాక్ష మామూలు కంటే చాలా ముందే కోసేశారు. మా బావ అమెరికా నుంచి వస్తూ ఆ ఏటి సెయింట్ ఎస్తెఫ్ (బోర్డోలోని ఒక ఊరు) రెడ్ వైన్ బాటిల్ ఒకటి పట్టుకొచ్చాడు, దాన్ని మేం దాదాపు చెడగొట్టేశాం, అందుకే రాస్తున్నా.

సమస్య: గ్లాసు దగ్గరికి తేగానే ఆల్కహాల్ ఘాటు, మింగితే గొంతులో మంట.
కారణం: ఎండలకి పండులో చక్కెర పెరిగింది, పులుపు పడిపోయింది. పులుపు తక్కువైతే ఆల్కహాలే పైకి తేలుతుంది. కానీ అసలు దొంగ మన హాలు! రెడ్ వైన్‌ని రూమ్ టెంపరేచర్‌లో తాగాలన్న మాట చలిదేశాల వాళ్లది, ఏప్రిల్లో ఫ్యాన్ కింద 32 డిగ్రీల్లో తాగమని కాదు.
పరిష్కారం: ఐస్, నీళ్లు రెండూ కలిపిన బకెట్లో 15, 20 నిమిషాలు నిలబెట్టండి, 16-17 డిగ్రీలకి వస్తే చాలు, మరీ చల్లబడితే వగరు తన్నుకొస్తుంది. పక్కన కారం వంటకాలు వద్దు, మంట ఇంకా పెరుగుతుంది.

సమస్య: వగరు, చిగుళ్లు ఎండిపోయినట్టు.
కారణం: రెండున్నాయి. మొదటి గ్లాసు బాగుండి చివరి గ్లాసే చేదుగా, ఇసుకలా తగిలితే అది అడుగు మడ్డి. మొదటి సిప్ నుంచీ అంతే ఉంటే ద్రాక్షదే తప్పు, నీళ్లు దొరక్క తీగ ముడుచుకుపోతే తొక్కలో వగరు సరిగ్గా పండదు. సెయింట్ ఎస్తెఫ్‌లో బంకమట్టి తేమ పట్టి ఉంచింది కాబట్టి అక్కడ నయం, బోర్డోలోనే పొమెరోల్ అనే ఊరి వైపు మెర్లో రకం ద్రాక్ష బాగా దెబ్బతింది.
పరిష్కారం: మడ్డికైతే ముందురోజే బాటిల్ నిలబెట్టి, మెడ కింద ఫోన్ టార్చ్ పెట్టుకుని మెల్లగా వంపండి, నల్లటి గీత కనపడగానే ఆపేయండి. రెండోదానికి ఇంకో పదేళ్లు దాచినా లాభం లేదు, కొవ్వున్న మటన్‌తో తాగేయడమే.

సమస్య: తేడా వాసనలు.
జామ్, ఎండు ఖర్జూరం వాసనంటే కొంత ఆ ఏటి గుణమే, కానీ కార్క్ పైకి ఉబ్బి కారిన మరకుంటే బాటిల్ ఎక్కడో వేడికి ఉడికినట్టే. తడిసిన అట్టపెట్టె వాసనొస్తే కార్క్ జబ్బు, గంటసేపు గాలికి పెట్టినా పోదు, పారబోయండి. పశువుల కొట్టం వాసన ఈస్ట్ పని, కొందరికి అదే ఇష్టం, నాకూ కాస్త ఉంటే ఓకే.

సమస్య: మొదట ఘుమఘుమ, గంటకి చప్పగా.
కారణం: ముసలి వైన్, పులుపు తక్కువ, గాలికి తట్టుకోలేదు.
పరిష్కారం: తాగేముందే డికాంటర్‌లో (వైన్ వంపుకునే గాజు కూజాలో) పోయండి, 20 నిమిషాలు చాలు. మేం రెండు గంటల ముందు పోసి పెట్టాం, బావ మటన్ తెచ్చేసరికి అందులో రంగు తప్ప ఏం మిగల్లేదు.