పీసీఓడీకి సప్లిమెంట్లు: కొనేముందు డబ్బా వెనక చూడండి

తెనాలిలో నాది మెడికల్ షాపు. బీఫార్మసీ చదివాను, కౌంటర్‌లో నేనే ఉంటాను. సాయంత్రం కాలేజీ వదిలాక వచ్చే అమ్మాయిలు చాలామంది, "అక్కా, పీసీఓడీకి ఏదో పౌడర్ ఉందట కదా?" అని అడుగుతారు. (పీసీఓడీ అంటే హార్మోన్లు అదుపు తప్పి అండాశయాల పని, నెలసరి దెబ్బతినే సమస్య. పీసీఓఎస్ అన్నా అదే.) ఉంది. అయితే అది మీకు అవసరమా, ఎంత వేసుకోవాలి అన్నది తేలకుండా డబ్బులు పెట్టకండి.

ముందు రిపోర్టులు చూసుకోవాలి. స్కానింగ్‌లో తిత్తులు కనబడినంత మాత్రాన పీసీఓడీ అనుకోకూడదు. నెలసరి తప్పడం, మగ హార్మోన్లు పెరగడం, స్కానింగ్‌లో అండాశయాల తీరు, ఈ మూడింట్లో రెండైనా ఉండాలి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోన్) సమస్యలు లేవనీ తేలాలి. పెద్దమనిషై ఎనిమిదేళ్లు నిండని పిల్లలకైతే స్కానింగ్‌ను బట్టి పీసీఓడీ అని చెప్పకూడదు. డాక్టరు గారు రాస్తే డీ విటమిన్, బి12, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), మూడు నెలల సగటు షుగర్ పరీక్షలు కూడా చేయించుకోండి. ఏది తక్కువుందో తెలిస్తే కొనాల్సినవి సగం తగ్గిపోతాయి.

మీరడిగే ఆ పౌడర్ మయో ఇనోసిటాల్. పీసీఓడీ ఉన్న చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. దాంతో శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది, అది అండాశయాల్లో మగ హార్మోన్లను పెంచుతుంది, అండం విడుదల దెబ్బతింటుంది. ఇన్సులిన్ ఇచ్చే సంకేతం కణం లోపలికి చేరడంలో ఇనోసిటాల్‌కు పాత్ర ఉంది. పరిశోధనల్లో ఎక్కువగా వాడింది రోజుకు 4 గ్రాములు, పొద్దున 2, రాత్రి 2. దానికి ఇనోసిటాల్‌లోనే ఇంకో రకమైన డీ-కైరో ఇనోసిటాల్ కలిపితే 40కి 1 పాళ్లలో కలుపుతారు, అంటే 4 గ్రాములకు 100 మిల్లీగ్రాములు.

డబ్బా వెనక చూడమనేది ఇందుకే. చాలా టాబ్లెట్లలో ఇనోసిటాల్ ఐదారు వందల మిల్లీగ్రాములే ఉంటుంది. రోజుకు రెండు వేసుకున్నా గ్రాము దగ్గరే ఆగిపోతుంది. మిగతాదంతా క్రోమియం, జింక్, ఇంకేవో పది పేర్లు, ఒక్కోటి చిటికెడు. పౌడర్ అయితే "ఒక సర్వింగ్" అంటే ఎన్ని స్కూపులో చూడండి. 4 గ్రాములకు రోజుకు ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టండి. చవక అనుకున్న స్ట్రిప్పే ఒక్కోసారి ఎక్కువ పడుతుంది.

ఎంత ఫలితం ఆశించాలో కూడా చెప్తాను. 2023లో వచ్చిన అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాలు ఇనోసిటాల్ వాడి చూడొచ్చు, హాని తక్కువ అంటాయి. కానీ గడ్డం మీద వెంట్రుకలు, బరువు లాంటి వాటికి ఆధారాలు పరిమితమే. డాక్టర్లు రాసే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్‌కు ఆధారాలు ఇంతకంటే గట్టివి, కాబట్టి దీన్ని చూసుకుని దాన్ని ఆపేయకండి. ఒకేసారి నాలుగు రకాలు మొదలుపెట్టకండి. ఒక్కటే వాడండి, మూడు నెలలు క్యాలెండర్‌లో పీరియడ్స్ తేదీలు రాసుకోండి, అప్పుడు డాక్టరుకు చూపించండి.

డీ విటమిన్ రిపోర్టులో తక్కువుంటేనే వాడాలి. 60,000 యూనిట్ల సాషే మామూలుగా వారానికి ఒకటి. రోజూ వేసుకుంటే కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, కిడ్నీలకు ముప్పు. నేను కవరు మీద పెన్నుతో "ఆదివారం మాత్రమే" అని రాసే ఇస్తాను. భోజనం తర్వాత తీసుకుంటే ఒంటికి బాగా పడుతుంది.

మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవాళ్లకు బి12 తగ్గొచ్చు. గుడ్డు, మాంసం తినని ఇళ్లలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. అరికాళ్లు తిమ్మిరెక్కుతుంటే పరీక్ష అడగండి. బ్లీడింగ్ ఎక్కువై ఐరన్ రాసిచ్చారా? టీ, కాఫీ, కాల్షియం మాత్రలకు దూరంగా, నిమ్మరసంతో వేసుకోండి. అవిసె గింజలు కారప్పొడి చేసుకుని అన్నంలో తినండి, మంచి తిండి, అంతవరకే.

జుట్టు రాలుతోందని బయోటిన్ (ఒక రకం బి విటమిన్) వాడేవాళ్లు ఒక్క విషయం మర్చిపోవద్దు. అది థైరాయిడ్, ఇతర హార్మోన్ల రిపోర్టులను తారుమారు చేస్తుంది. రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు ఆపి, ల్యాబ్‌లో చెప్పండి. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు బెర్బెరిన్ (మొక్కల నుంచి తీసే ఒక సప్లిమెంట్) ముట్టుకోవద్దు. ఫోలిక్ యాసిడ్ మాత్రం గర్భం రాకముందు నుంచే మొదలవ్వాలి, మామూలుగా రోజుకు 400 మైక్రోగ్రాములు. బరువు ఎక్కువున్నా, షుగర్ ఉన్నా ఎంతన్నది డాక్టరే చెప్పాలి.

మూడు నెలలు పీరియడ్స్ రాలేదంటే పౌడర్ మారుద్దామని నా దగ్గరికి రాకండమ్మా. గర్భం వచ్చే అవకాశం ఉంటే ముందు ఆ పరీక్ష చేసుకుని, గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. నెలల తరబడి రాకపోతే గర్భాశయం లోపలి పొర మందమవుతుంది, అలా ఏళ్లు గడిస్తే క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది. దాన్ని ఏ సప్లిమెంటూ ఆపలేదు, వాళ్లు రాసే హార్మోన్ మాత్రలే కావాలి. వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్న డబ్బాలు, స్ట్రిప్పులు అన్నీ ఒక కవర్లో వేసుకుని పట్టుకెళ్లండి.