థాంక్స్‌గివింగ్ సరుకులు: కొత్తగా అమెరికా వచ్చినవాళ్లకి నాలుగు మాటలు

ఆగస్టులో చదువుకోవడానికి దిగినవాళ్లకైనా, ఉద్యోగం మీద వచ్చిన కుటుంబాలకైనా ఇక్కడ ఎదురయ్యే మొదటి పెద్ద విందు పండుగ థాంక్స్‌గివింగ్. నవంబరు నాలుగో గురువారం వస్తుంది. "మనం టర్కీ కోడి తినం కదా, ఆ హడావిడి మనకెందుకు" అని మొదటి ఏడాది మేము ఆ వారమంతా షాపు వైపే పోలేదు. ఆ తర్వాత తెలిసింది, మన వంటింటికి పనికొచ్చే సరుకులు కూడా ఏడాదిలో బాగా చవగ్గా దొరికే రోజుల్లో ఇవీ ఉన్నాయని.

ముందు వెన్న సంగతి. నవంబరంతా ఇక్కడివాళ్లు పైలు, కుకీలు చేసుకుంటారు కాబట్టి వెన్న, మైదా, పంచదార, క్రీము ధరలు షాపులు పోటీపడి తగ్గిస్తాయి. మన నెయ్యికి ఇదే అదను. పెట్టె మీద 'అన్‌సాల్టెడ్' అని ఉన్నదే చూసి తీసుకోండి, ఉప్పు వెన్న నెయ్యికి అంత బాగోదు. పౌండు పెట్టె అంటే 454 గ్రాములు, లోపల నాలుగు కడ్డీలుంటాయి. ఇక్కడి వెన్నలో కొవ్వు కనీసం 80 శాతం ఉండాలని చట్టం ఉంది. అందుకే నెమ్మదిగా కాస్తే పౌండుకి సుమారు 350 గ్రాముల నెయ్యి దిగుతుంది. తక్కువ ధర పెట్టినప్పుడు మనిషికి ఇన్నే పెట్టెలు అని పరిమితి పెడతారు. వారం తర్వాత మళ్లీ వెళ్లి ఇంకొన్ని తెచ్చుకోండి, ఫ్రీజర్లో నెలల తరబడి నిలవుంటాయి. సంక్రాంతికి మా ఇంట్లో సున్నుండలు చుట్టేది ఈ నవంబరు వెన్న కాచిన నెయ్యితోనే.

తర్వాత క్రాన్‌బెర్రీలు. ఎర్రటి చిన్న పళ్లు ఇవి. తాజావి 12 ఔన్సుల సంచుల్లో వస్తాయి. క్రిస్మస్ దాటితే షాపుల్లో కనబడటం కష్టం. మంచి పులుపు, కాస్త వగరు. మామిడికాయ దొరకని ఊళ్లో పప్పులోకి, పులిహోరలోకి, మెంతులూ ఎండుమిర్చీ వేయించి నూరే పచ్చడిలోకి బ్రహ్మాండంగా కుదురుతాయి. కడగకుండా సంచీతోనే ఫ్రీజర్లో పెట్టేయండి, వండేముందు కడుక్కోవచ్చు. డబ్బాలో అమ్మే క్రాన్‌బెర్రీ సాస్ తియ్యగా ఉంటుంది, అది మనకి అక్కర్లేదు.

అక్టోబరు చివర హాలోవీన్ పండుగ అయిపోగానే పెద్ద గుమ్మడికాయలు కారుచవగ్గా ఇస్తుంటే ఆశపడకండి. అవి బొమ్మలు చెక్కడానికి పెంచినవి, నీరూ పీచూ తప్ప రుచి ఉండదు. పులుసుకీ దప్పళానికీ గుమ్మడి జాతిదే అయిన బటర్‌నట్ స్క్వాష్ కొనండి. 'యామ్' అని చీటీ పెట్టినవి చాలా షాపుల్లో నారింజరంగు చిలగడదుంపలే. కంద అనుకుని తెచ్చుకోకండి.

ఇక టర్కీ. గడ్డకట్టిన టర్కీని చాలా షాపులు తమకి నష్టమొచ్చినా సరే తక్కువకి అమ్ముతాయి. దానికోసం వచ్చినవాళ్లు మిగతా పండుగ సరుకులన్నీ అక్కడే కొంటారని వాళ్ల లెక్క. న్యూజెర్సీ వైపు షాప్‌రైట్‌లో కొన్నేళ్లుగా పండుగ ముందు వారాల్లో వాళ్ల షాపు సభ్యత్వ కార్డు మీద 400 డాలర్ల సరుకు కొంటే టర్కీ ఉచితంగా ఇస్తున్నారు. మనం ఎలాగూ పాలు, పెరుగు, కూరలు కొంటూనే ఉంటాం, కార్డు వాడితే చాలు. మీరు తినకపోతే దగ్గర్లోని ఫుడ్ బ్యాంకుకి, అంటే లేనివాళ్లకి ఉచితంగా తిండి సరుకులిచ్చే చోటికి ఇవ్వండి. ఆ వారం అలాంటి చోట్ల టర్కీల కోసం నిజంగా ఎదురుచూసే కుటుంబాలుంటాయి.

వండాలనుకుంటే మనిషికి పౌండు నుంచి పౌండున్నర చొప్పున లెక్కేసుకోండి. గడ్డ కరగడానికి ఫ్రిజ్‌లో నాలుగైదు పౌండ్లకి ఒక రోజు పడుతుంది. అంటే 12 పౌండ్ల టర్కీని ఆదివారమే ఫ్రీజర్లోంచి దించాలి. గట్టు మీద బయట పెట్టి కరిగించకండి, పాడవుతుంది.

నేను దెబ్బతిన్న చోటు ఒకటి చెప్తాను. చాలా షాపుల తగ్గింపు ధరలు వారపు కరపత్రంలో బుధవారం నుంచి మంగళవారం దాకా ఉంటాయి. అందులో కొన్నిటికి ముందుగా యాప్‌లో కూపన్ నొక్కి ఉంచుకుంటేనే ఆ ధర పడుతుంది. నాకది తెలియక ఒకసారి వెన్నకి పూర్తి ధర కట్టి ఇంటికొచ్చాక రసీదు చూసుకున్నాను. మర్నాడు రసీదు పట్టుకుని కస్టమర్ సర్వీస్ బల్ల దగ్గర అడిగితే మిగతా డబ్బులు తిరిగిచ్చారు. అడగడానికి మొహమాటపడకండి. సరుకు అయిపోయిందంటే 'రెయిన్ చెక్' ఇస్తారేమో కూడా అడగండి. ఇచ్చే షాపులో అయితే సరుకు వచ్చాక అదే ధరకి కొనుక్కోవచ్చు.

'పదికి పది డాలర్లు' అని రాసి ఉంటే సాధారణంగా పదీ కొనక్కర్లేదు, ఒకటి డాలరుకే వస్తుంది. 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' మాత్రం షాపుని బట్టి మారుతుంది, అక్కడే కనుక్కోండి. పెద్ద ప్యాకెట్ అన్నిసార్లూ చవక కాదు. ధర చీటీలో చిన్న అక్షరాల్లో ఔన్సుకి ఎంతో వేస్తారు, పోల్చాల్సింది ఆ అంకెనే.

శాకాహారులు ఎవరింటికైనా విందుకి వెళ్తుంటే ఒక జాగ్రత్త. రొట్టె ముక్కలతో చేసే స్టఫింగ్‌లో తరచు కోడి రసం పోస్తారు. మార్ష్‌మెలో అనే మెత్తటి మిఠాయిల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. గుమ్మడికాయతో చేసే పంప్కిన్ పైలో గుడ్డు పడుతుంది. మీరే ఒక గిన్నెడు పులిహోర పట్టుకెళ్తే మీకూ భోజనం అవుతుంది, వాళ్లకీ సంతోషం.

గురువారం కాస్ట్‌కో, వాల్‌మార్ట్, టార్గెట్ మూసేస్తారు. బుధవారం సాయంత్రం బిల్లు కట్టే వరుసలు షాపు చివరిదాకా ఉంటాయి. ఇండియన్ షాపులు కొన్ని పండుగ రోజు కూడా తీస్తారు, ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. కరివేపాకు, కొత్తిమీర మాత్రం మంగళవారమే తెచ్చి పెట్టుకోండి.