స్కాన్ ఫిల్ములో రక్తపు గడ్డ ఆచూకీ తీయడం

శ్రీకాకుళంలో స్కాన్ గదిలో పనిచేయడం నాకిది 17వ ఏడు. పక్షవాతం వచ్చిన రోగి మెదడు ఫిల్ము చేతికివ్వగానే కొడుకో అల్లుడో దాన్ని కిటికీకి ఆనించి, "నరం ఎక్కడ మూసుకుపోయిందండీ?" అంటారు. అది నరం కాదు, రక్తం పారే ధమని. సరే, ఆ మాట పోనివ్వండి. ఎందుకు మూసుకుపోయిందని మాత్రం ఎవరూ అడగరు. రేపటి నుంచి ఏ మాత్ర వేసుకోవాలో తేల్చేది అదే.

ఆ కారణాన్ని ఫిల్ములో వెతకడం రోగి వార్డులో కుదుటపడ్డాక చేసే పని. మూతి వంకరపోయిన గంటలో ఫిల్ములు తిరగేస్తూ కూర్చోకండి. గడ్డ కరిగించే ఇంజెక్షనుకు మామూలుగా 4.5 గంటలే గడువు.

ముందు సీటీ చూడండి. కొత్తగా కారిన రక్తం అందులో తెల్లగా ఉంటుంది. అది లేదంటే రక్తస్రావం లేదని, అంతే. గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతం తొలి గంటల్లో సీటీలో కనిపించకపోవచ్చు. "సీటీ నార్మల్" అన్న కాగితంతో ఇంటికి వెళ్లిపోయి, మర్నాడు చెయ్యి పూర్తిగా పడిపోయాక వచ్చినవారున్నారు.

తర్వాత ఎమ్మారైలో డీడబ్ల్యూఐ (కొత్త దెబ్బను పట్టిచ్చే రకం బొమ్మలు) అని రాసి ఉన్న గళ్లు వెతకండి. దెబ్బతిన్న చోటు దీపం పెట్టినట్టు తెల్లగా వెలుగుతుంది. దానికి జోడీగా వచ్చే ఏడీసీ గళ్లలో అదే చోటు నల్లగా ఉంటే దెబ్బ కొత్తది.

ఇక అసలు పని, మచ్చలు పడిన తీరు చూడటం. వంశధారను తలుచుకోండి. గొట్టా బ్యారేజి దగ్గర బయలుదేరిన నీరు పెద్ద కాలువల్లోంచి పిల్లకాలువల్లోకి పారుతుంది. ఒక్కో కాలువకు ఒక ఆయకట్టు. మెదడులో ధమనులకూ అంతే.

కుడి, ఎడమ, వెనక అన్నిచోట్లా కొత్త మచ్చలుంటే ఒక్క కాలువను తప్పుపట్టలేం. చాలాసార్లు పైన గుండెలోంచే గడ్డలు గుర్రపుడెక్కలా కొట్టుకొచ్చి మదుముల్లో (తూముల్లో) ఇరుక్కుంటాయి. పాతపట్నం వైపు నుంచి 41 ఏళ్ల ఆవిడ వచ్చారు. కుడివైపు మూడు చుక్కలు, ఎడమన రెండు, చిన్నమెదడులో ఒకటి. ఈసీజీ బాగానే ఉంది. డ్యూటీ డాక్టరు ఆ చుక్కలు లెక్కపెట్టి, "చిన్నప్పుడు కీళ్లు వాచేవా అమ్మా?" అని అడిగారు. వాళ్లమ్మ అవునన్నారు. చిన్నప్పటి కీళ్లవాతం జ్వరం గుండె కవాటాన్ని దెబ్బతీయగలదు. ఎకో (గుండె స్కాన్) తీస్తే గుండెలోని మైట్రల్ కవాటం దారి సన్నబడి ఉంది. గుండె లయ అప్పుడప్పుడే తప్పుతుంటే ఒక్క ఈసీజీకి దొరకదు, 24 గంటలూ గుండె లయను నమోదు చేసే హోల్టర్ గురించి అడగండి.

ఒకే పక్కన, రెండు ఆయకట్టుల సరిహద్దులో చుక్కలు పూసల్లా వరుసగా ఉంటే మెడలోని కెరోటిడ్ ధమనిని అనుమానించాలి. పైన పూడిక పడి ప్రవాహం తగ్గితే ముందు ఎండేది శివారు పొలాలే కదా.

లోతున ఒక్కటే చిన్న మచ్చ, 15 మిల్లీమీటర్ల లోపుంటే (కొత్తదైతే 20 వరకూ కనిపించవచ్చు) పిల్లకాలువ మూసుకుపోయినట్టు. బీపీ, షుగరు చేసే పని ఇది. అయినా అక్కడే ఆగకండి. పెద్ద కాలువలో పేరుకున్న కొవ్వు పిల్లకాలువ మూతినీ మూసేయగలదు. మెదడు లోపలి ధమనుల్లో ఇలా కొవ్వు పేరుకోవడం ఆసియావారిలో ఎక్కువ.

అందుకే ధమనులను చూపే యాంజియోగ్రామ్ స్కాన్ కావాలి. అది గుండె పైనున్న మహాధమని వంపు నుంచి నడినెత్తి దాకా ఉండాలి. తల ఒక్కటే తీస్తే మెడలో పూడిక ఎవరికి తెలుస్తుంది? ఉద్దానం వాళ్లు, కవిటి, సోంపేట వైపువాళ్లు, కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పండి. సీటీలో ఎక్కించే మందు కిడ్నీకి భారం కావచ్చు. మందు లేకుండానే ఎమ్మారైలో టీఓఎఫ్ పద్ధతిలో ధమనులు చూడవచ్చు, కాకపోతే అది సన్నదనాన్ని కాస్త ఎక్కువ చేసి చూపుతుంది. గడ్డను తీగతో లాగే అత్యవసరంలో మాత్రం డాక్టర్లు క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) ఫలితం కోసం ఆగరు.

గుండె లయ తప్పి వచ్చిన గడ్డకు రక్తం పలచబరిచే వార్ఫరిన్ వంటివి, ధమని గోడలోని కొవ్వుకు యాస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ వంటివి ఇస్తారు. కెరోటిడ్ 70 శాతం దాటి మూసుకుపోతే ఆపరేషనో స్టెంటో, వీలైతే రెండు వారాల్లోపే. ఏది పడుతుందో డాక్టరే తేల్చాలి. ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు సీడీ పట్టుకెళ్లండి. సెల్‌ఫోనులో తీసిన ఫిల్ము ఫొటోలో సగం మా ట్యూబులైటే ఉంటుంది.